పెరటి చిత్తడి మూలకు పాకిపోని మొక్కలు: 30 ఏళ్ళలో నాకు తేలినవి

మీరు అడిగింది ఇది. ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున ఒక పల్లం ఉంది. స్నానాల గది నీళ్ళు, బోరు దగ్గర పొర్లిన నీళ్ళు, వానాకాలంలో డాబా మీది నీళ్ళు అన్నీ అక్కడికే చేరి ఏడాదిలో ఎక్కువ కాలం బురదగా ఉంటోంది. కంకర పోసి పూడ్చేయమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. మీకు దాన్ని చిత్తడి తోటగా మార్చాలని ఉంది. నర్సరీలో గుర్రపుడెక్క, గొడుగు గడ్డి, వెడీలియా, మెట్టతామర ఇస్తామన్నారు. ప్రహరీ అవతలే పంట బోదె ఉంది కనుక ఇవి పాకి అక్కడికి చేరతాయేమోనని మీ భయం.

భయం సరైనదే. పల్లం పూడ్చకండి, కానీ ఆ నాలుగింటిలో మూడింటిని గుమ్మం దాటనివ్వకండి. మెట్టతామర సంగతి వేరు, దాని దగ్గరికి తరువాత వస్తాను. నేను డెల్టాలో పుట్టి, వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. ఇలాంటి మూల ఒకటి మా పెరట్లో 30 ఏళ్ళుగా నా చేతి కింద ఉంది. అందులో ఏవి కుదురుగా నిలిచాయో, ఏవి చెయ్యి దాటిపోయాయో చూసిన మేరకు రాస్తున్నాను.

మెట్ట పెరట్లో తప్పు మొక్క వేస్తే ఆ తంటా మన ప్రహరీ లోపలే ఉంటుంది. చిత్తడిలో అలా కాదు. అక్కడ ప్రతి మొక్క పాదాల దగ్గరా నీళ్ళు ఉంటాయి, నీళ్ళకు ఎప్పుడూ ఒక దారి ఉంటుంది. శ్రావణంలో ఒక్క రాత్రి కుండపోతగా కురిస్తే మీ పల్లం నిండి, గోడ అడుగున ఉన్న కంతలోంచి బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి నీళ్ళు పోతాయి. వాటిలో వేలెడు ముక్క ఒకటి కొట్టుకుపోతే చాలు, నెల తిరిగేసరికి అది అవతలి రైతు సమస్య అవుతుంది. అందుకని చిత్తడికి మొక్కను ఎంచేటప్పుడు పువ్వు ఎంత బాగుందన్నది నాకు రెండో మాట. ఇది ఎలా ప్రయాణం చేస్తుంది అన్నది మొదటి మాట. తెగిన ముక్క తేలిపోయి బతుకుతుందా? బురద కింద దుంప పాకుతుందా? తీగ కణుపు కణుపుకూ వేరు వేస్తుందా? గింజ గాలికి, నీటికి పోతుందా? ఈ నాలుగు దారుల్లో ఒక్కటే ఉన్న మొక్కను మనం కాపు కాయగలం. రెండు ఉంటే తొట్టిలో బంధించాలి. మూడు ఉంటే ఎంత అందమైనదైనా వద్దు.

ఈ లెక్క నాకు మొదట్లో తెలియదు. పెళ్ళైన కొత్తలో చెరువు గట్టు మీద ఊదా రంగు పువ్వు చూసి ముచ్చటపడి, నాలుగు గుర్రపుడెక్క మొక్కలు బకెట్టులో తెచ్చి మా పల్లంలో వదిలాను. పై రేక మీద పసుపు చుక్క, దాని చుట్టూ నీలం. నెమలి కన్నులా ఉంటుంది. నిజంగానే అందమైన పువ్వు. రెండు నెలలకు నీళ్ళు కనపడకుండా పచ్చగా కప్పేసింది. ఆ ఏడు తుఫాను వానకు పల్లం పొర్లింది. కార్తికంలో చూస్తే మా వీధి చివరి బోదెలో, తూము దగ్గర, ఉబ్బిన కాడలతో అవే మొక్కలు అడ్డుపడి ఉన్నాయి. పక్క చేను కౌలు రైతు మూడు రోజులు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి వాటిని లాగి గట్టున వేశాడు. అవి నా మొక్కలని నేను అతనికి చెప్పి, కూలి ఇచ్చి, నేనూ దిగి లాగాను. ఆ తరువాత 10 ఏళ్ళకు పైగా ఆ తూము దగ్గర ఏటా ఒకటో రెండో మొలకలు కనపడుతూనే ఉన్నాయి. గుర్రపుడెక్క గింజ బురదలో 20 ఏళ్ళ దాకా బతికి ఉండగలదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం నుంచి అందం కోసమే ఆ మొక్క లోకమంతా తిరిగింది. కొల్లేటిని, హైదరాబాదు చెరువులను అది ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కర లేదు.

అది నీళ్ళను శుభ్రం చేస్తుందని నర్సరీ అతను చెప్పిన మాట అబద్ధం కాదు. నీళ్ళలోని నత్రజని, భాస్వరం పీల్చుకుంటుంది. కానీ పెరిగిన మొక్కను ఎప్పటికప్పుడు తీసి బయట వేస్తేనే ఆ శుభ్రం నిలుస్తుంది. తీయకపోతే అక్కడే కుళ్ళి, పీల్చిందంతా తిరిగి నీళ్ళలోకే వదులుతుంది. ఇంట్లో ఎవరూ వారం వారం ఆ పని చేయరు.

ఇక వెడీలియా. రోడ్డు మధ్య డివైడర్లలో పసుపు పూలతో నేలను కప్పి ఉంటుంది చూడండి, అదే. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతులంటూ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో గుర్రపుడెక్కతో పాటు ఇదీ ఉంది. కణుపు నేలకు తగిలితే వేరు, తెగిన ముక్క తడి చోట పడితే కొత్త మొక్క. తడి మూలలో దీన్ని వేస్తే రెండేళ్ళకు మిగతావన్నీ దాని కింద ఊపిరాడక పోతాయి. గొడుగు గడ్డి ఆఫ్రికా వైపు నుంచి వచ్చినది. కుండీలో బుద్ధిమంతురాలిలా కనపడుతుంది. దాని గింజలు ఆవగింజ కన్నా చిన్నవి, తడి ఇటుక సందులో కూడా మొలుస్తాయి. పైగా గొడుగు ఆకుల తల వంగి నీళ్ళను తాకితే అక్కడే పిలక వేస్తుంది. రెండు దారులు. పూత వచ్చిన ప్రతిసారీ కోసేయగలిగితే సిమెంటు తొట్టిలో ఉంచుకోవచ్చు, కానీ అంత శ్రమ పెట్టదగిన మొక్క కాదని నా అభిప్రాయం.

మెట్టతామర మన దేశపుది కాకపోయినా తరతరాలుగా మన బావుల దగ్గర ఉన్నదే. మురుగు నీటిని మొక్కలతో శుద్ధి చేసే మడుల్లో దీన్ని బాగా వాడతారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇలాంటి మడుల మీద పని చేసింది. దుంప పాకుతుంది గానీ నిదానంగా, గుంపుగా. సన్నని ఎర్ర పువ్వులు పూసే పాత నాటు రకానికి నల్లటి గట్టి గింజలు విపరీతంగా వస్తాయి, నీటి వెంట పోతాయి. పెద్ద పువ్వుల సంకర రకాల్లో చాలావాటికి గింజ పట్టదు. అవి వేయండి. ఏడాదికి ఒకసారి గుంపు చుట్టూ పారతో గిరి గీసినట్టు కోసి అవతలి పిలకలు తీసేస్తే ఏ బెడదా లేదు.

మొక్కల కన్నా ముందు నేల సంగతి చూడాలి. ఇంటి పునాదికి కనీసం 6 అడుగుల దూరం ఉందో లేదో కొలవండి. పల్లాన్ని రెండు అడుగుల లోతు తవ్వండి. మీది నల్లరేగడి అయితే అడుగున ఏమీ పరచనక్కర లేదు, అదే నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఎర్ర నేలైతే చేపల చెరువులకు, పొలం కుంటలకు వేసే మందపాటి షీటు పరిచి, పక్క గోడల్లో అడుగు ఎత్తున చుట్టూ కన్నాలు పెట్టాలి. అడుగు సగం ఎప్పుడూ తడిగా, పైసగం గాలి ఆడుతూ ఉండటం ముఖ్యం. మట్టి పైన నీళ్ళు నిలవకూడదు. ఒక బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే అరగంటలో ఇంకిపోవాలి. ఆ కొలత తప్పకపోతే దోమ గుడ్డు పెట్టడానికి చోటే ఉండదు.

స్నానాల నీళ్ళను నేరుగా వదలకండి. సబ్బు నీళ్ళలోని సోడియం నల్ల నేలను బంకలా బిగదీస్తుంది. పల్లానికి ముందు 3 అడుగుల పొడవున చిన్న కాలువ తీసి, కంకర నింపి, అందులో వట్టివేరు, మెట్టతామర వేసి, వాటి మీదుగా నీళ్ళు వచ్చేలా చేయండి. వంటింటి సింకు నీళ్ళు మాత్రం వద్దు, నూనె జిడ్డుకు వాసన పట్టుకుంటుంది. తాగునీటి ఆర్వో యంత్రం వదిలే నీళ్ళలో లవణాలు ఎక్కువ, వాటిని ఒక్కటే పోస్తే ఎండాకాలంలో మట్టి మీద తెల్లగా పొక్కు కడుతుంది.

మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది గోడ అడుగున ఉన్న కంత. దాన్ని సిమెంటుతో మూసేసి, పల్లం పై అంచు ఎత్తున ఒక గొట్టం పెట్టండి. వాన నీరు అక్కడి నుంచే పొర్లాలి. గొట్టం మూతికి దోమతెర కన్నా కొంచెం పెద్ద కన్నాల నైలాన్ వల రెండు పొరలుగా కట్టండి. ముక్కలు, పిలకలు, పెద్ద గింజలు అక్కడ ఆగిపోతాయి. వానాకాలంలో వారానికి ఒకసారి ఆ వల దులిపి, పట్టినవాటిని ఎండలో పడేయండి. సన్న గింజలను వల ఆపలేదు, అందుకే పూత కోయడం గురించి ఇంతగా చెబుతున్నాను.

ఇంకొక ప్రమాదం చెరువు మట్టితో వస్తుంది. సారవంతమని ట్రాక్టరుతో తెప్పించి పోస్తారు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి పూడిక మట్టి విలువ అందరికీ తెలిసింది. పొలానికి అది బంగారం. పెరటి చిత్తడికి మాత్రం దానితో పాటు జమ్ము దుంపలు, తుంగ గడ్డలు, గుర్రపుడెక్క గింజలు ఉచితంగా వస్తాయి. పొలంలో నేల ఎండుతుంది కనుక నీటి మొక్కలు చస్తాయి. మీ పల్లంలో అవి కోరుకునే తడి ఎప్పుడూ ఉంటుంది. చెరువు మట్టి వాడదలిస్తే ముందు ఒక మూల కుప్ప పోసి, 6 వారాలు తడుపుతూ మొలిచినదాన్నల్లా దుంపతో సహా తీసేసి, అప్పుడు నింపండి. నేనైతే ఇంటి నేల మట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు కలుపుతాను.

ఇప్పుడు వేయవలసినవి. గోడ పక్కన, గొట్టం దగ్గర వట్టివేరు పెట్టండి, రెండు అడుగులకొకటి చొప్పున నాలుగు దుబ్బులు. నాకు చిత్తడి మొక్కలన్నిటిలోకీ దీని మీదే నమ్మకం ఎక్కువ. పక్కకు పాకదు, తీగ వేయదు. దక్షిణాదిలో వేళ్ళ కోసం పెంచే రకానికి మొలిచే గింజ దాదాపు రాదు. వేరు మాత్రం నిలువుగా 3 మీటర్ల దాకా దిగుతుంది, మట్టిని జల్లెడలా పట్టి ఉంచుతుంది. నీళ్ళలో మునిగినా బతుకుతుంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకూ బతుకుతుంది. ఏడాదికి రెండుసార్లు మోకాటి ఎత్తుకు కోసి, ఆ గడ్డినే మిగతా మొక్కల మొదళ్ళలో పరవండి. వరిగడ్డి పరవకండి, దాని వెంట ఊద గింజలు వస్తాయి.

దాని ముందు వరుసలో క్రైనమ్ లిల్లీ. విషముంగలి అని పాతవాళ్ళు అంటారు. వెడల్పు ఆకులు, తెల్లటి సన్న రేకుల పువ్వులు, సాయంత్రం వేళ వాసన. గడ్డ ఉన్నచోటే పిల్లలు పెట్టి గుంపు అవుతుంది, ఎక్కడికీ పోదు. లేత గోళీలంత గింజలు వస్తాయి, అవి నీటిలో తేలతాయి కనుక పూత అయిపోగానే కాడ కోసేయండి. గడ్డ విషం, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో ఆ మాట అందరికీ తెలిసి ఉండాలి.

మధ్యలో వస. ఇది మా పెరట్లో 20 ఏళ్ళుగా ఉంది. ఎక్కువ మాట్లాడే పిల్లలను వసపిట్ట అంటామే, ఆ వసే. కత్తి లాంటి నిటారు ఆకులు, అడుగెత్తు నుంచి మూడడుగుల దాకా. దుంప నేల మీదే అడ్డంగా, నెమ్మదిగా, ఏడాదికి జానెడు చొప్పున సాగుతుంది. కనపడుతూ నడుస్తుంది కనుక ఎక్కడ కోయాలో మనకు తెలుస్తుంది. మొక్క తెచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. లేత వస, లేత జమ్ము దూరం నుంచి ఒకేలా కనపడతాయి. ఆకు కొస తుంచి నలపండి. వస అయితే ఘాటైన తియ్యటి వాసన వేళ్ళకు అంటుకుని చేతులు కడిగినా పోదు. జమ్ముకు ఏ వాసనా ఉండదు, ఆకును అడ్డంగా విరిస్తే లోపల స్పంజిలా గాలి గదులు కనపడతాయి. జమ్ము ఒక్క కంకిలో లక్షకు పైగా గింజలు దూది కట్టుకుని గాలికి పోతాయి, దుంప బురద కింద మనకు తెలియకుండా పాకుతుంది. అది మన దేశపు మొక్కే, పెద్ద చెరువులో పక్షులకు గూడు కట్టుకునే చోటే, కానీ 12 అడుగుల పల్లానికి పెద్ద ప్రమాదం. కొల్లేటి కిక్కిసకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇక, వస కొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకు రాసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. పెరట్లో ఉంది కదా అని వైద్యుణ్ణి అడగకుండా ఆ పని చేయకండి.

గుర్రపుడెక్క పువ్వు రంగు మీద మనసు పడినవాళ్ళకు నేను మోనోకోరియా చెబుతాను. దాని కుటుంబంలోదే, మన చెరువుల్లో, గుంటల్లో సహజంగా పెరిగేదే. బాణం మొన లాంటి పెద్ద ఆకులున్న రకం తీసుకోండి, నీలి పువ్వుల గుత్తి ఆకు కాడ పక్కనుంచి వస్తుంది. బురదలో పాతుకుని ఉంటుంది, తేలిపోదు. అయినా దీని చిన్న జాతి వరి చేలలో కలుపు, మీకు గోడ అవతల వరి ఉంది. కనుక పాత ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, అంచు బురద పైకి రెండు అంగుళాలు ఉండేలా పాతి, అందులోనే వేయండి. పూలు వాడగానే గుత్తి కోసేయండి. ఆన్‌లైన్లో పికరెల్ అని ఇలాంటి నీలి కంకుల మొక్క అమ్ముతున్నారు. అది అమెరికా మొక్క, దక్షిణాఫ్రికాలో ఇప్పటికే ఆక్రమణ మొక్కగా తేలింది. మన దగ్గర దానికి పోలిక ఉన్న మొక్క ఉండగా అది అక్కర లేదు.

చేమ వేయండి, దుంప కోసం పండించే రకం. బురద గట్ల మీద తనంతట పెరిగే అడవి చేమను తేవద్దు, అది నేల మీద తీగలు సాగదీసి ఒక్క వానాకాలంలో పల్లం చుట్టుముడుతుంది. తోట చేమ ఏటా తవ్వి తింటాం కనుక దానికి హద్దు మన వంటిల్లే. అరటిని బురదలో పెట్టకండి. పల్లం తవ్విన మట్టిని ఒక పక్క దిబ్బ పోసి, ఆ దిబ్బ మీద ఒక్క పిలక నాటితే కింది తడిని తనే వెతుక్కుంటుంది. నీళ్ళు నిలిచిన చోట వేరు కుళ్ళుతుంది. పసుపు, అల్లం కూడా అంతే, తేమ కావాలి గానీ చిత్తడి పనికిరాదు.

కలువ కావాలంటే మూడడుగుల వెడల్పున్న సిమెంటు వర ఒకటి అడుగు మూసి పల్లం పక్కన పెట్టి, నీలి కలువ వేసుకోండి. 5 గంటల ఎండ తప్పనిసరి. తామరను పల్లంలోకి దించవద్దు, దాని దుంప ఒక్క ఏడాదిలో ఎన్నో అడుగులు దూసుకుపోతుంది, షీటు సందులను వెతుక్కుంటుంది. వరలో నీళ్ళు ఉంటాయి కనుక దోమపిల్లలకు చేపలు కావాలి. గంబూసియా వేయకండి. పైన చెప్పిన 100 జాతుల జాబితాలో అదీ ఉంది, వాన నీటితో బయటపడితే మన చిన్న చేపలను, కప్పపిల్లలను తినేస్తుంది. తలపై మెరిసే చుక్కతో పంట కాలువల్లో పైపైన ఈదే మన దేశీ చిన్న చేప పాంచాక్స్ ఆ పని చక్కగా చేస్తుంది.

అంచుల్లో నేల కప్పడానికి జలబ్రాహ్మి, సరస్వతి ఆకు, గుంటగలగర. మూడూ మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే, మూడూ కోసి వాడుకునేవే. తీగ పాకినా వేళ్ళు పైపైనే ఉంటాయి, చేత్తో లాగితే వస్తాయి. పొన్నగంటిని కూడా ఈ వరుసలోనే, వంటకు సరిపడా.

అయితే ఈ ఆకుల విషయంలోనే నర్సరీల్లో పొరపాటు ఎక్కువ జరుగుతోంది. ఒకసారి సరస్వతి ఆకు అని నాకు ఇచ్చిన కుండీలో వేరే మొక్క ఉంది. గుండ్రంగా, నిగనిగలాడుతూ, రూపాయి బిళ్ళంత ఆకులు. ఆకును తిప్పి చూస్తే కాడ సరిగ్గా ఆకు మధ్యలో, గొడుగు కర్రలా అతికి ఉంది. సరస్వతి ఆకుకు అలా ఉండదు. దాని ఆకు మూత్రపిండంలా ఉండి, ఒక పక్క నొక్కు ఉంటుంది, కాడ ఆ నొక్కులో అతుకుతుంది. నాకు ఇచ్చింది హైడ్రోకొటైల్ అనే విదేశీ తీగ. కుండీ ఎత్తి అడుగు చూశాను, నీళ్ళు పోయే కన్నంలోంచి మూడు తెల్లటి తీగలు బయటికి వచ్చి పక్క కుండీల్లోకి దూరి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ నర్సరీకి వెళ్ళినా, కడియం వెళ్ళినా సరే, ముందు కుండీ ఎత్తి అడుగు చూస్తాను. పక్క కుండీల్లో అదే మొక్క పిల్లలు ఉన్నాయేమో చూస్తాను. మొక్క తన స్వభావం అక్కడే చెప్పేస్తుంది.

పొన్నగంటికీ ఇలాంటి జంట ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎలిగేటర్ కలుపు. చెరువు అంచున కోసిన కట్టల్లో రెండూ కలిసిపోయి కనపడవచ్చు. పువ్వు వచ్చేదాకా ఆగితే సందేహం తీరుతుంది. పొన్నగంటి తెల్ల పువ్వు ఆకు చంకలో, కాడ లేకుండా అంటుకుని ఉంటుంది. ఎలిగేటర్ పువ్వు రెండు మూడు అంగుళాల కాడ మీద తెల్లటి బంతిలా పైకి నిలబడుతుంది, ముదురు కాడ విరిస్తే లోపల బోలుగా ఉంటుంది. అది దొరికితే ఒక్క కణుపు కూడా మిగలకుండా తీసి, సిమెంటు గచ్చు మీద మే నెల ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టి, అప్పుడు ఎరువు గుంటలో వేయండి. పచ్చిగా కుప్ప వేస్తే కుప్పలోనే చిగురిస్తుంది.

వీడియోల్లో చూసి కీటకాలను తినే మొక్కలు పెట్టవచ్చా అని కూడా అడిగారు. చల్లని దేశాల్లో చిత్తడి తోట అంటే పుల్లటి, సారం లేని పీట్ నేల, అంటే సగం కుళ్ళిన నాచు పేరుకున్న నేల. ఆ మొక్కలు అందులో పుట్టినవి. మన బోరు నీటి సున్నానికి, మాగిన ఎరువుకు అవి నెలల్లో చచ్చిపోతాయి. డబ్బు వృథా.

హ్యూస్టన్‌లో ఉన్న మీ అక్కయ్య గారు ఇవే మొక్కలు తమ పెరట్లో వేయాలనుకుంటున్నారని రాశారు. దయచేసి ఆపండి. ఇక్కడ నేను మంచివన్నవే అక్కడ తప్పు మొక్కలు కావచ్చు. పొన్నగంటి, తూటికూర, మోనోకోరియా, మన రైతులు పశువుల మేతకు పెంచే అజొల్లా పిన్నాటా, ఇవన్నీ అమెరికా సమాఖ్య ప్రభుత్వపు హానికర కలుపుల జాబితాలో ఉన్నాయి. చేమ టెక్సాస్, ఫ్లోరిడా నదీ తీరాలను ఆక్రమించింది. కోసి తినే మనుషులు, కొరికే పురుగులు, ఎండబెట్టే వేసవి ఇక్కడ వాటికి హద్దు వేస్తాయి, అక్కడ ఆ హద్దు లేదు. జలబ్రాహ్మి మాత్రం అమెరికా దక్షిణ తీరాల్లో సహజంగానే ఉంది, ఆవిడ నిశ్చింతగా వేసుకోవచ్చు. నేను ఇక్కడ వద్దన్న పికరెల్ అక్కడి సొంత మొక్క, అక్కడ వేయదగినదే. మన క్రైనమ్‌కు బదులు గల్ఫ్ తీరపు క్రైనమ్ అమెరికానమ్ ఉంది, పువ్వు చూస్తే మన విషముంగలే అనిపిస్తుంది.

నాటడానికి మృగశిర కార్తె తరువాత మొదటి మంచి వాన పడ్డాక మొదలుపెట్టండి. మొదటి ఏడాది వట్టివేరు, వస, క్రైనమ్, జలబ్రాహ్మి చాలు. ఖాళీగా ఉందని మధ్యలో ఇంకేవో దూర్చకండి, రెండో వానాకాలానికి అవే నిండుతాయి. పాముల భయం ఉంటుంది కనుక పల్లానికి, ఇంటికి మధ్య మూడడుగుల దారి ఎప్పుడూ చదునుగా ఉంచి, వస ఎండుటాకులు నెలకోసారి తీసేయండి. ఎండాకాలంలో రోజు విడిచి రోజు తడిపితే సరిపోతుంది.

మొదటి రెండేళ్ళు మాత్రం ఆదివారం ఉదయం పది నిమిషాలు పల్లం చుట్టూ తిరగండి. మీరు నాటనిది ఏదైనా మొలిస్తే, నాలుగు ఆకులు వేయకముందే తీయండి. జమ్ము మొలక అయితే పైపైన పీకితే తెగి దుంప లోపలే ఉండిపోతుంది. వేళ్ళను మట్టిలోకి దించి, తెల్లటి దుంప మొనను పట్టుకుని పక్కకు నెమ్మదిగా లాగండి, తాడులా మొత్తం వస్తుంది. తెగినట్టు అనిపిస్తే ఆ చోట ఒక పుల్ల గుచ్చి ఉంచి, వచ్చే వారం మళ్ళీ అక్కడే చూడండి.